సినిమాలో పాట, నేపథ్య సంగీతం: ఎడిటింగ్ గదిలో తరచూ వినే అపోహలు

నేను సినిమా ఎడిటర్‌ని. సంగీతం ఏ ఫ్రేములో మొదలవ్వాలి, ఏ ఫ్రేములో ఆగాలి అన్నది తేల్చుకోవడానికే నా పనిలో పెద్ద భాగం పోతుంది. ఒక సన్నివేశం ఏళ్ల తరబడి గుర్తుండిపోతే ‘ఆ పాట అంత గొప్పది’ అంటారు. గొప్పదే కావచ్చు. కానీ అదే పాట పది సెకన్లు ముందు మొదలైనా, ఒక చరణం ఎక్కువ నడిచినా ఆ సన్నివేశాన్ని మనం ఇలా తలుచుకునేవాళ్లం కాదని నా నమ్మకం. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లలోనూ, సినిమాను ప్రేమించే ప్రేక్షకుల్లోనూ పాతుకుపోయిన కొన్ని అభిప్రాయాలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: భావం ఎంత బరువైతే సంగీతం అంత ఎక్కువ ఉండాలి.

వాస్తవం: రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం చేర్చే దశ) సమయంలో ‘ఇక్కడ ఇంకాస్త పెంచండి’ అన్న మాట వినని ఎడిటర్ ఉండడు. అలా అడిగేవారికి నేను సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955) చూడమని చెబుతాను. చాలాకాలం తర్వాత ఇల్లు చేరిన హరిహర్‌కు కూతురు దుర్గ చనిపోయిన సంగతి తెలియదు. ఊరి నుంచి తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే చూపిస్తూ, దుర్గ కోసం కొన్న చీరను భార్య చేతిలో పెడతాడు. సర్వజయ ఇక ఆపుకోలేదు. ఆమె నోరు తెరిచి ఏడుస్తున్నది కనిపిస్తుంది, కానీ వినిపించేది ఆమె గొంతు కాదు. కమానుతో వాయించే తార్ షెహనాయి పై స్థాయిలో ఆక్రందిస్తుంది. సంగీతం రవిశంకర్‌ది. రాయ్ అక్కడ నటి ఏడుపును పూర్తిగా తీసేసి ఆ చోటును వాద్యానికి అప్పగించారు. ఏడుపును ఉంచి దాని కింద తార్ షెహనాయిని కూడా పరిచి ఉంటే రెండూ ఒకదాన్నొకటి మింగేసేవి. మిక్సింగ్‌లో ఒకదాన్ని పెంచడం కంటే ఇంకొకదాన్ని తీసేయడం కష్టమైన నిర్ణయం. రాయ్ ఆ కష్టమైన నిర్ణయమే తీసుకున్నారు.

హిచ్‌కాక్ సంగతి ఇంకా ఆసక్తికరం. ‘సైకో’ (1960)లో స్నానాల గది హత్యకు సంగీతమే వద్దనుకున్నారాయన. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మాత్రం తీగ వాద్యాలతోనే ఒక బిట్ రాసి వినిపించారు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నారు. ఇప్పుడా సన్నివేశం పేరెత్తగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ వయొలిన్ల అరుపే. అదే దర్శకుడు మూడేళ్ల తర్వాత ‘ది బర్డ్స్’లో నేపథ్య సంగీతాన్నే వదిలేసి, ఎలక్ట్రానిక్ వాద్యంపై పుట్టించిన పక్షుల చప్పుళ్లతో నడిపించారు. ఏ సినిమాకు ఏది కావాలో ఆ సినిమాయే చెప్పాలి.

అపోహ: ఏడుపు సన్నివేశానికి విషాద గీతం, హింసకు డప్పుల మోత ఉండాల్సిందే.

వాస్తవం: జపాన్ దర్శకుడు కురొసావా ‘డ్రంకెన్ ఏంజెల్’ (1948) తీస్తున్న రోజుల్లో ఆయన తండ్రి మరణించారు. ఆ దుఃఖంలో వీధిలో నడుస్తుంటే లౌడ్‌స్పీకర్ నుంచి ‘కుకూ వాల్ట్జ్’ అనే హుషారైన బాణీ వినిపించిందట. ఆ హుషారు తన బాధను రెట్టింపు చేసిందని ఆత్మకథలో రాసుకున్నారు. సినిమాలో క్షయతో నీరసించి, పలుకుబడి పోగొట్టుకున్న రౌడీ నల్లబజారు వీధిలో ఒంటరిగా నడిచే చోట అదే బాణీ పెట్టించారు. ఒక మనిషి కూలిపోతున్నాడు, వీధికి ఆ ఊసే పట్టలేదు. విషాద రాగం పెట్టి ఉంటే ఆ నిర్లక్ష్యం మనకు తెలిసేదే కాదు.

నాలుగేళ్ల తర్వాత ఆయనే తీసిన ‘ఇకిరు’లో ఒకే పాట రెండుసార్లు వస్తుంది. చావు దగ్గరపడిందని తెలిసిన ప్రభుత్వోద్యోగి మొదట ఒక బారులో కన్నీళ్లతో పాడతాడు. చివర్లో, తాను పట్టుబట్టి కట్టించిన పార్కులో మంచు కురుస్తుండగా ఊయల ఊగుతూ తృప్తిగా పాడతాడు. పాటలో ఏ మాటా మారలేదు, పాడే మనిషి మారాడు. సినిమా సంగీతం గురించి నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ విరుద్ధ ప్రయోగం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. కొట్లాట వస్తే చాలు, పాత మెలొడీ ఒకటి తెచ్చి వేస్తున్నారు. ఆ పాట ఆ చోటికి రావడానికి కారణం ఉండాలి. టరంటీనో ‘రిజర్వాయర్ డాగ్స్’ (1992)లో చిత్రహింస సన్నివేశంలో వినిపించే హుషారు పాట రేడియోలో వస్తోంది. హింసించే మనిషి పెట్రోలు కోసం గిడ్డంగి దాటి బయటికి వెళితే పాట వెనకబడి వీధి చప్పుళ్లు మిగులుతాయి. అతను లోపలికి రాగానే పాట మళ్లీ అందుకుంటుంది. లోపల బందీగా ఉన్నవాడిని ఆ బయటి ప్రపంచంలో ఎవరూ ఆదుకోరని ఆ ధ్వనిలోని తేడాయే చెబుతుంది.

అపోహ: మన సినిమాల్లో పాట కథను ఆపేస్తుంది.

వాస్తవం: ఆపే పాటలు ఉన్నాయి, కాదనను. వాటిని కత్తిరించమని నేనే అడుగుతాను. కానీ ‘మాయాబజార్’ (1957)లో ‘అహ నా పెళ్లియంట’ తీసేసి చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సుశీల గొంతు సాగుతుండగా మధ్యలో ఘంటసాల గొంతు చొరబడుతుంది, సావిత్రి నడకలో, చూపులో రాక్షసుడు బయటపడి మళ్లీ సర్దుకుంటాడు. మాయ వేషంలోని మజా అంతా ప్రేక్షకుడికి అందేది ఆ పాటలోనే. అంత పని మాటలతో చేయాలంటే రెండు మూడు సన్నివేశాలు రాయాలి.

‘సాగర సంగమం’ (1983)లో కథానాయకుడు తప్పతాగి, వానలో బావి గట్టు మీద చేసే నాట్యమూ అంతే. మనిషి పతనమైనా అతని విద్య చావలేదని ఒకే పాటలో చూపించారు విశ్వనాథ్, ఇళయరాజా, వేటూరి, కమల్‌హాసన్ కలిసి. ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిందని అందరికీ తెలుసు. ఎడిటర్‌గా నేను మురిసిపోయేది దాని నిర్మాణం చూసి. అవమానంతో మొదలై, పోటీగా మారి, చివరికి మిత్రుడి ప్రేమ కోసం రామ్ కావాలని పడిపోయేదాకా ఒక పూర్తి కథ నడుస్తుంది. ఆ పడిపోవడం లేకపోతే అది మంచి డాన్సు నంబరుగా మిగిలిపోయేది.

అపోహ: సినిమా అంతా తీసి, కట్ చేసి, ఆఖరున సంగీతం జోడిస్తారు.

వాస్తవం: నేపథ్య సంగీతం విషయంలో చాలావరకు నిజమే. పాటల విషయంలో మన దగ్గర ఎప్పటినుంచో దీనికి తిరగేసిన పద్ధతే: ముందు రికార్డింగు, సెట్లో ప్లేబ్యాక్ వేసి చిత్రీకరణ. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968)కు సెర్జియో లియోనె నేపథ్య సంగీతాన్ని కూడా సంగీత దర్శకుడు మోరికోన్‌తో ముందే చేయించి, సెట్లో వినిపిస్తూ నటీనటుల నడకను దానికి కలిపారు. ‘ఇ.టి.’ (1982) చివరి ఘట్టానికి స్పీల్‌బర్గ్ తెర ఆర్పించి, జాన్ విలియమ్స్‌ను స్వేచ్ఛగా వాద్యబృందాన్ని నడిపించమని చెప్పి, తర్వాత ఆ సంగీతానికి తగ్గట్టు బొమ్మను సరిచేశారు.

అపోహ: జనానికి తెలిసిన పాట పెడితే సన్నివేశం దానంతటదే లేస్తుంది.

వాస్తవం: ‘కాసాబ్లాంకా’ (1942)లోని ‘యాజ్ టైమ్ గోస్ బై’ 1931 నాటి పాట. సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్‌కు అది నచ్చలేదు, వేరే పాట చేస్తానన్నారు. కానీ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అప్పటికే మరో సినిమా కోసం జుట్టు కత్తిరించుకోవడంతో మళ్లీ తీయడం కుదరలేదు. పాట నిలిచింది ఎందుకంటే, దాన్ని తన బారులో వాయించవద్దని రిక్ ముందే ఆంక్ష పెట్టాడు. నిషేధించిన పాట మొదలవడమే అక్కడ సంఘటన. బాణీ మనకు తెలియకపోయినా గుండె జల్లుమంటుంది.

అపోహ: మంచి నేపథ్య సంగీతం ఉన్నట్టే తెలియకూడదు.

వాస్తవం: ‘జాస్’ (1975)లో ఆ రెండు స్వరాలు తెలియకుండా ఉండడం అసాధ్యం. అసలు నేర్పు వాటిని ఎక్కడ వాడలేదన్న దానిలో ఉంది. పిల్లలు ఉత్తుత్తి సొరచేప రెక్క పెట్టుకుని జనాన్ని హడలగొట్టే చోట ఆ సంగీతం రాదు. స్వరాలు వస్తే సొరచేప ఉన్నట్టని ప్రేక్షకుడు అలవాటు పడ్డాక, పడవ మీది అధికారి నీళ్లలోకి ఎర విసురుతుండగా ఏ హెచ్చరికా లేకుండా అది పైకి లేస్తుంది.

అపోహ: ఎడిటింగులో తాత్కాలికంగా పెట్టే రిఫరెన్స్ సంగీతంతో నష్టమేమీ లేదు.

వాస్తవం: నెలల తరబడి అదే వింటే దర్శకుడి చెవి దానికే అతుక్కుపోతుంది. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)కి అలెక్స్ నార్త్ సంగీతం రాశారు. కుబ్రిక్ దాన్ని పక్కనపెట్టి, తాను ముందునుంచీ వేసుకుని చూసుకున్న శాస్త్రీయ సంగీతాన్నే ఉంచేశారు. సినిమా చూశాకగానీ నార్త్‌కు ఆ సంగతి తెలియలేదు. ఫలితం అద్భుతంగా వచ్చింది, కానీ అలాంటి తీర్పు అందరికీ ఉండదు. అందుకే నేను సంగీత దర్శకుడికి రీలు మొదటిసారి చూపించేటప్పుడు రిఫరెన్స్ ట్రాకు మ్యూట్ చేసి, మాటలు, చప్పుళ్లు మాత్రమే వినిపిస్తాను. సంగీతం ఎక్కడ అక్కర్లేదని అనిపించిందో అన్నది ఆయన్ని నేను అడిగే మొదటి ప్రశ్న.