కింటోర్‌కు డయాలసిస్ మెషీన్ ఎవరు తెచ్చారు?

ఆస్ట్రేలియా ఎడారిలో విసిరేసినట్టున్న ఆదివాసీ ఊళ్లకు కరెంటు, నీళ్లు, వైద్యం అందించడం దండగ ఖర్చని, పట్నాలకు వచ్చేస్తే సరిపోతుందని వాదన మళ్లీ మొదలైంది. 2015లో అప్పటి ప్రధాని టోనీ అబాట్ కూడా ఆ ఊళ్లలో ఉండటాన్ని 'లైఫ్‌స్టైల్ చాయిస్' అన్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కింటోర్ గుర్తొస్తుంది.

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం నుంచి పడమరగా 500 కిలోమీటర్లు దాటాక వస్తుందా ఊరు. పింటుపి అనే ఆదివాసీ జనం 1981లో సొంత నేలకు తిరిగొచ్చి అక్కడ స్థిరపడ్డారు. కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే ఎలా కుంగదీస్తుందో ఉద్దానం తెలిసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు మెషీన్‌కు కట్టుబడి ఉండాలి. అప్పట్లో ఆ మెషీన్ ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే ఉండేది. కిడ్నీలు పాడయ్యాయని తేలిందంటే ఇల్లు వదలాల్సిందే. మనవళ్లకు పాటలు నేర్పాల్సిన, నీటి జాడలు చూపించాల్సిన పెద్దలు పరాయి చోట ఒంటరిగా కన్నుమూశారు.

మెషీన్‌నే ఊరికి తెమ్మని జనం అడిగారు. ఖర్చెక్కువ, కుదరదు అన్నది సర్కారు జవాబు. ఒక్కో విడతకు వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి కాబట్టి ఇబ్బంది ఉన్నమాట నిజమే.

అసలు మలుపు 2000లో వచ్చింది. కింటోర్, కివిర్కురా ఊళ్ల చిత్రకారులు నాలుగు పెద్ద కాన్వాసులు వేశారు. ఒక్కో ఊరి మగవాళ్లు కలిసి ఒకటి, ఆడవాళ్లు కలిసి ఒకటి. చుక్క పక్కన చుక్క పెడుతూ తమ నేల కథలనే గీశారు. ఆ నవంబర్‌లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీలో జరిగిన వేలంలో 10 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బే పెట్టుబడిగా 2004లో కింటోర్‌లో డయాలసిస్ మొదలైంది. దాన్ని నడిపే సంస్థనే ఇప్పుడు 'పర్పుల్ హౌస్' అంటున్నారు.

మారుమూల ఊళ్లలో నర్సుల పర్యవేక్షణలో చేసే డయాలసిస్‌కు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ప్రత్యేక చెల్లింపు వచ్చింది మాత్రం 2018 నవంబర్‌లో. వేలం జరిగిన 18 ఏళ్లకు! సబ్సిడీల లెక్క తీసేవాళ్లు ఈ 18 ఏళ్లను కూడా లెక్కలో వేయాలి.

మొదట్లో కింటోర్‌లో మెషీన్లు అందరికీ సరిపోలేదు. వంతులు వేసుకున్నారు. కొన్ని వారాలు మనవళ్ల దగ్గర గడిపి, మళ్లీ ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లిపోయి, ఇంకొకరికి చోటిచ్చేవారు.