ఎంసెట్ ఒక్కటే రాస్తే చాలదు: ఒడిశా తెలుగు పిల్లల అపోహలు - వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తల్లిదండ్రులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా వాడు విజయనగరంలో ఇంటర్ చదువుతున్నాడండీ. ఎంసెట్ రాస్తే చాలు కదా, లోకలేగా?"

అపోహ: ఇంటర్ ఆంధ్రాలో చదివితే లోకల్.

కాదండీ. ఏపీ ఈఏపీసెట్‌లో (ఎంసెట్‌కి ఇప్పటి పేరు ఇదే) ఎక్కువ సీట్లు లోకల్ పిల్లలకే. చదువు లెక్కన లోకల్ కావాలంటే ఇంటర్ రెండో ఏడాదితో కలిపి వరసగా 4 ఏళ్లు అక్కడే చదవాలి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ అన్నమాట. పది దాకా రాయగడలో చదివిన పిల్లకి రెండేళ్లే లెక్కకొస్తాయి. "15 శాతం అన్‌రిజర్వుడు సీట్లున్నాయిగా" అంటారు. వాటికీ విద్యార్థి గానీ, అమ్మానాన్నల్లో ఒకరు గానీ ఆంధ్రాలో మొత్తం 10 ఏళ్లు ఉన్నట్టు కాగితం కావాలి. అక్కడ ప్రభుత్వోద్యోగం చేసేవాళ్ల పిల్లలకైతే వేరే దారి ఉంది. తరతరాలుగా రాయగడలోనే ఉన్న ఇంటికి ఆ కాగితం ఎక్కణ్నుంచి వస్తుంది? ర్యాంకు ఎంత మంచిదైనా సర్టిఫికెట్ల పరిశీలనలోనే కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, చేజారుతుంది.

అందుకే దేశమంతటికీ ఉండే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ తప్పకుండా రాయించండి. ఒడిశాలో బీటెక్ సీట్లు, బరంపురం పరల మహారాజా కాలేజీతో సహా, ప్రధానంగా ఆ ర్యాంకుతోనే ఇస్తారు. ర్యాంకు వచ్చాక ఒడిశా ప్రభుత్వం సీట్లిచ్చే ఓజేఈఈ కౌన్సెలింగ్‌కి విడిగా రిజిస్టర్ కావాలి. ఇంటర్ బయట పాసైతే ఒడిశా వాసులమని రెసిడెంట్ సర్టిఫికెట్ పెట్టాలి. తహసీల్ ఆఫీసులో ముందే అప్లై చేసి ఉంచుకోండి.

అపోహ: మాది ఒడిశా, కాబట్టి రూర్కెలా ఎన్ఐటీలో (కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీ) సొంత రాష్ట్రం వాళ్లకిచ్చే హోమ్ స్టేట్ కోటా మాదే.

ఎన్ఐటీలు ఊరు చూడవు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో చూస్తాయి. విజయనగరంలో ఇంటర్ పాసైతే మీ హోమ్ స్టేట్ ఆంధ్రా, మీ ఎన్ఐటీ తాడేపల్లిగూడెం. అంటే ఒకే విద్యార్థి ఎన్ఐటీకి ఆంధ్రావాడు, ఈఏపీసెట్‌కి నాన్‌లోకల్, ఓజేఈఈకి ఒడిశావాడు. పదో తరగతి అవ్వగానే, కాలేజీలో ఫీజు కట్టకముందే ఈ లెక్క వేసుకోవాలి.

అపోహ: ఎంసెట్ ప్రిపరేషన్ జేఈఈకి సరిపోతుంది.

సిలబస్ చాలావరకు ఒకటే, రాసే తీరు వేరు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మైనస్ లేదు, తెలియనివాటికీ ఏదో ఒక జవాబు పెట్టొచ్చు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలే, తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. తెలియనివాటికీ జవాబు పెట్టే అలవాటుతో వెళ్తే ర్యాంకు దెబ్బతింటుంది.

అపోహ: తెలుగు పేపర్ ఏ సెంటర్‌లోనైనా ఇస్తారు.

జేఈఈ మెయిన్ తెలుగు పేపర్ ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే. ఒడిశా సెంటర్ పెట్టుకుంటే ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, ఒడియా ఉంటాయి, తెలుగు ఉండదు. తెలుగు కావాలంటే అప్లికేషన్‌లో సిటీ దగ్గరే విజయనగరమో శ్రీకాకుళమో పెట్టండి.