సూది వేయడమేనా నర్సు పని? అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా పూర్తిచేసి 2005లో స్టాఫ్ నర్సుగా చేరాను. తర్వాత కావలి, కందుకూరు, చీమకుర్తి నీళ్ళన్నీ తాగి, ఇప్పుడు ఒంగోలులో హెడ్ నర్సుగా చేస్తున్నాను. ఇంటర్ అయిపోయిన పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు సలహా కోసం వస్తుంటారు. వాళ్ళ నోట మళ్ళీ మళ్ళీ వినబడే నాలుగు మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: డాక్టర్ చెప్పింది చేయడమే నర్సు పని.

వాస్తవం: డాక్టర్‌గారు రౌండ్స్‌లో ఒక్కో మంచం దగ్గర కొన్ని నిమిషాలే ఉంటారు. మిగతా పగలూ రాత్రీ ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండేది మేమే.

2009 వానాకాలంలో నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేస్తున్నాను. తెల్లవారుజామున యానాది తెగకు చెందిన గిరిజన దంపతులు ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకొచ్చారు. కడుపునొప్పి అన్నారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. "కడుపునొప్పి, నిద్రమత్తు" అని కేస్ షీట్‌లో రాసింది నేనే. తల్లి మాత్రం నా చెయ్యి వదల్లేదు. "నిద్ర కాదమ్మా, వాడు కండ్లు తెరవలేక పోతా ఉండాడు" అంది. టార్చి వేసి చూస్తే రెప్పలు వాలిపోయి ఉన్నాయి. రాత్రి ఎక్కడ పడుకున్నాడని అప్పుడు అడిగాను. గుడిసెలో, కటిక నేల మీద.

కట్లపాము కాటు చాలాసార్లు కంటికి కనబడదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. నేల మీద నిద్రపోతున్నవాళ్ళను రాత్రిపూట కరుస్తుంది. కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలతాయి, ఆ తర్వాత ఊపిరి తీసుకునే కండరాలు పడిపోతాయి. పరుగున వెళ్ళి డాక్టర్‌గారిని లేపాను. విషానికి విరుగుడు మందు పది వయల్స్ (చిన్న మందు సీసాలు) సెలైన్‌లో కలిపి ఎక్కించాం. పిల్లాడికి సగం చాలదా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. చాలదు. పిల్లాడని పాము తక్కువ విషం ఎక్కించదు కదా, అందుకే పెద్దలకైనా పిల్లలకైనా డోసు ఒకటే. ఆ మందుకు రియాక్షన్ రావచ్చు కాబట్టి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకున్నాను. ఊపిరి మందగించడంతో 108లో నెల్లూరు దాకా దారి పొడుగునా అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూనే ఉన్నాను. మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు.

ఆ రాత్రి రోగిని సరిగ్గా చూసింది ఆ తల్లి. ఇంకో అరగంట ఆమె మాట పెడచెవిన పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అపోహ: యానాదులు ఆసుపత్రికి రారు, నాటువైద్యాన్నే నమ్ముతారు.

వాస్తవం: వస్తారు. వచ్చినప్పుడు కసురుకుంటే రెండోసారి రారు. ఒక పూట ఆసుపత్రిలో కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆధార్, రేషన్ కార్డు లేక కౌంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్ళూ ఉన్నారు. ఒకరికి జబ్బు చేస్తే ఇంటిల్లిపాదీ తోడొస్తారు. వరండాలో గుంపుగా కూర్చున్నారని తరిమేస్తే, రోగిని కూడా లేపుకుని వెళ్ళిపోవడం నా కళ్ళారా చూశాను. అందుకే నేను ముందు కూర్చునే చోటు చూపిస్తాను, కార్డుల సంగతి తర్వాత. వయసులో పెద్దవాళ్ళను "నువ్వు" అని పిలవొద్దని కొత్తగా చేరిన సిస్టర్లకు గట్టిగా చెబుతాను.

అపోహ: మంచి నర్సు అందరినీ ఒకేలా చూస్తుంది.

వాస్తవం: దీన్ని నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. గౌరవం అందరికీ ఒకటే, అందులో తేడా రాకూడదు. అడిగే ప్రశ్న మాత్రం మనిషిని బట్టి మారాలి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. దగ్గుతో వచ్చిన మనిషిని ఎన్నాళ్ళ నుంచి అని అడిగి వదిలేస్తే సరిపోదు. ఏం పని చేస్తావు, రాయికి నీళ్ళు కొడుతూ డ్రిల్ చేస్తారా, పొడిగానే చేస్తారా అని అడగాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ ముప్పు ఎక్కువ. టీబీ అని తేలితే సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. అందుకే "పండక్కి ఊరికి ఎప్పుడు పోతావు?" అని మొదటి రోజే కనుక్కుంటాను. ముందే తెలిస్తే వాళ్ళ ఊరికి దగ్గర్లోని టీబీ కేంద్రానికి చికిత్స బదిలీ చేయవచ్చు. భాష రానప్పుడు తోటి కూలీని పిలుస్తాం. ఆడవాళ్ళ సమస్య అయితే ఎవరిని పిలవాలో ఆమెనే అడుగుతాను.

కొత్తపట్నం వైపు మత్స్యకారులు హెర్నియా ఆపరేషన్ వాయిదా వేస్తూ పోతుంటే భయపడుతున్నారేమో అనుకునేదాన్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం, ఆ రోజుల కోసం ఆగుతున్నారని తర్వాత తెలిసింది. ఆగగలిగే కేసయితే ఆ రోజుల్లోనే తేదీ ఇప్పించమని డాక్టర్‌గారిని అడుగుతాం. ఇన్సులిన్ వాడే ఒక ముస్లిం పెద్దావిడ రంజాన్ నెలలో షుగర్ టెస్ట్ మానేసింది, రక్తపు చుక్క వస్తే రోజా (ఉపవాసం) పోతుందని. పోదని నేను చెబితే నమ్మలేదు. వాళ్ళ మసీదు ఇమామ్‌గారితో చెప్పిస్తే వేలు చాపింది. ఇప్పుడు రంజాన్‌కు నెల ముందే వచ్చి సహరీకి (తెల్లవారకముందు తినే భోజనం), ఇఫ్తార్‌కు (సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు) ఎంత డోసు వేసుకోవాలో డాక్టర్‌గారితో రాయించుకుని వెళుతుంది.

అపోహ: నర్సుగా చేరితే జీవితాంతం నర్సే, ఎదుగుదల ఉండదు. పైగా ఆడపిల్లల ఉద్యోగం.

వాస్తవం: జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. జీఎన్ఎం చేసినవాళ్ళు మరో రెండేళ్ళు చదివితే పోస్ట్ బేసిక్ బీఎస్సీ వస్తుంది. నేను అది ఇద్దరు పిల్లలు పుట్టాక చదివాను. ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పవచ్చు. ప్రభుత్వంలో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, ఆపైన గ్రేడ్-2, గ్రేడ్-1 సూపరింటెండెంట్లు ఉంటారు. ప్రమోషన్ తొందరగా రాదు, ఆ బాధ నిజమే. మగపిల్లలూ చేరవచ్చు, మా వార్డుల్లో వాళ్ళ అవసరం చాలా ఉంది.

ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. క్లినికల్ పోస్టింగ్ (రోగుల దగ్గర పని నేర్చుకునే శిక్షణ) ఏ ఆసుపత్రిలో వేస్తారో అడగండి. మధ్యాహ్నం పూట ఆ ఆసుపత్రికి మీరే ఒకసారి వెళ్ళి చూడండి. మంచాలు ఖాళీగా ఉంటే ఆ కాలేజీలో చేర్పించకండి.