తరగతి గదిలో ఆన్‌లైన్ సాధనాలు: ఉపాధ్యాయులను వెనక్కి లాగుతున్న అపోహలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తాను. కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశాల్లో తోటి ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ సాధనాలు పరిచయం చేసే పని కూడా కొంతకాలంగా చేస్తున్నాను. కరోనా కాలంలో తప్పనిసరై వీటిని నేర్చుకున్నవారిలో చాలామంది బడులు తెరిచాక వదిలేశారు. ఎందుకని అడిగితే కొందరు నిజమైన ఇబ్బందులు చెబుతారు, కొందరు అపోహలు చెబుతారు. ఇక్కడ రాస్తున్నది ఆ అపోహల గురించి. ఈ సాధనాలతో పిల్లలకు మనం ఏం చూపిస్తామన్నదాని కంటే, పిల్లల ఆలోచన మనకు ఎంత కనబడుతుందన్నదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ప్రతి సాధనాన్నీ ఆ దృష్టితోనే చూస్తాను.

అపోహ: పిల్లలందరి చేతుల్లో ట్యాబులో ఫోన్లో ఉండాలి

అక్కర్లేదు. ఉపాధ్యాయుడి దగ్గర ఒక్క స్మార్ట్‌ఫోన్, కాస్త డేటా ఉంటే ప్లికర్స్ అనే యాప్ వాడుకోవచ్చు. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు ఇస్తాం. దాని మీద నలుపు తెలుపు గుర్తు ఉంటుంది, ఏ రెండు కార్డుల గుర్తులూ ఒకేలా ఉండవు. నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. తాము సరైనదనుకున్న అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు తిప్పి పట్టుకుంటారు. మనం ఫోన్ కెమెరాను తరగతి మీదుగా నెమ్మదిగా తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో తెరమీద కనబడుతుంది. అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కవాడి జవాబు చూసి తిప్పడం కష్టం. కార్డులను సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. వాటిని అట్టకు అంటిస్తే చాలు. మెరిసే ల్యామినేషన్ చేయించకండి, వెలుతురు పడి కెమెరా వాటిని చదవలేదు.

"అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం "అర్థమైంది సార్" అనడం మనందరికీ తెలుసు. ఆ కోరస్ వెనక ఏముందో కార్డులు చెబుతాయి. పదో తరగతిలో ఓమ్ నియమాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పిన పిల్లలను నేను ఈ ప్రశ్న అడుగుతాను: ఒక ఘటానికి రెండు బల్బులను శ్రేణిలో కలిపాం. మొదటి బల్బు గుండా వెళ్లే విద్యుత్ ప్రవాహంతో పోలిస్తే రెండో దాని గుండా వెళ్లేది తక్కువా, ఎక్కువా, సమానమా, లేక బల్బుల నిరోధాన్ని బట్టి మారుతుందా? "తక్కువ" అన్నవాళ్లు మొదటి బల్బు కొంత విద్యుత్తును వాడేసుకుంటుందని అనుకుంటున్నారు. "నిరోధాన్ని బట్టి" అన్నవాళ్లు శ్రేణిని, సమాంతరాన్ని కలిపేసుకుంటున్నారు. సరైన జవాబు "సమానం". పై రెండూ తప్పులే అయినా రెంటికీ వేర్వేరు వైద్యం కావాలి. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు తెలిసేది పాఠం మధ్యలోనే తెలిసిపోతే ఆ పీరియడ్‌లోనే సరిదిద్దవచ్చు.

జవాబులు రెండుగా చీలితే నేను వెంటనే సరైనది చెప్పను. పక్కవాళ్లతో వాదించుకోమని, తర్వాత మళ్లీ కార్డు ఎత్తమని చెబుతాను. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1991 నుంచి తన పెద్ద తరగతుల్లో పాటించిన పద్ధతి ఇదే. నలభై మంది పిల్లలున్న మన గదుల్లోనూ ఇది చక్కగా సాగుతుంది. కొంత గోల ఉంటుంది, ఉండనివ్వండి.

అపోహ: నెట్ లేని బడిలో చేయగలిగిందేమీ లేదు

కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ ప్రాజెక్టు సిమ్యులేషన్లు (కంప్యూటర్ తెరమీద చేసే ప్రయోగాలు) ఉచితం. చాలావాటిని ఒక్కొక్క ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ఆ తర్వాత నెట్ అవసరం లేదు. తెలుగులోకి అనువదించినవీ ఉన్నాయి. లెక్కల మాస్టార్లకు జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని కంప్యూటర్లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది.

అయితే బొమ్మ కదిలినంత మాత్రాన పాఠం అర్థం కాదు. పెద్ద తెరమీద సర్క్యూట్ వెలుగుతుంటే పిల్లలు ఇష్టంగానే చూస్తారు, కానీ ఇంటికెళ్లాక పాత నమ్మకం అలాగే ఉంటుంది. అందుకే ముందు ఊహించమనాలి. పైన చెప్పిన రెండు బల్బుల వలయాన్నే ఫెట్‌లో కట్టి, బల్బులకు ముందు, మధ్య, తర్వాత అమ్మీటర్లు (ప్రవాహాన్ని కొలిచే పరికరాలు) పెట్టి, స్విచ్ వేయకముందే రీడింగులు ఎంతెంత ఉంటాయో నోటుపుస్తకంలో రాయిస్తాను. తర్వాతే స్విచ్. తాము రాసిన అంకె తప్పైనప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం చూడాలి. పాఠం మొదలయ్యేది అక్కడే.

ప్రయోగశాలకు ఇది ప్రత్యామ్నాయం కాదు. సిమ్యులేషన్‌లోని మామూలు బల్బు నిరోధం వేడెక్కినా మారదు, నిజమైన బల్బుది మారుతుంది. ఘటం నీరసించడం, తీగ వదులవడం, స్విచ్ వేసినా వెలగకపోతే ఎక్కడ తేడా ఉందో వెతకడం వంటివి చేత్తో చేస్తేనే వస్తాయి. గదిలో రెండు బల్బులు, ఒక ఘటం ఉంటే ముందు వాటితోనే చేయించండి.

అపోహ: తెలుగు మాధ్యమానికి ఇవి కుదరవు

కుదురుతాయి, కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే. చాలామంది దగ్గర అను ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాలున్నాయి. వాటిని కాపీ చేసి, ఆన్‌లైన్ పరీక్షలు పెట్టుకునే గూగుల్ ఫార్మ్స్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. దానికి కారణం తెలుగు కాదు, యూనికోడ్‌కు (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతికి) ముందు కాలం నాటి ఆ ఫాంటు. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చుకున్నాక ఒత్తులు, గుణింతాలు ఒకసారి చూసుకుంటే చాలు. టైపింగ్ రానివారు ఫోన్ కీబోర్డులోని మైకు నొక్కి తెలుగులో చెప్పినా అక్షరాలుగా పడుతుంది.

ఫార్మ్స్‌లో ఒక్క మాట జవాబు రాయించేటప్పుడు ఇంకో చిక్కుంది. అది అక్షరం అక్షరం పోల్చి మార్కు వేస్తుంది. "అయస్కాంతం" అని మీరు ఇస్తే "అయస్కాంతము" అని రాసిన బిడ్డకు సున్నా పడుతుంది. సాధ్యమైన రూపాలన్నింటినీ సరైన జవాబులుగా చేర్చండి, లేదా అలాంటి ప్రశ్నలను మీరే దిద్దండి. తెలిసి రాసిన పిల్లవాడికి యంత్రం తప్పు వేస్తే వాడు నమ్మకం కోల్పోయేది సైన్సు మీద.

అపోహ: ఇది కుర్ర ఉపాధ్యాయుల పని

"మాస్టారూ, రిటైర్‌మెంటు దగ్గర పడింది, మాకెందుకివి?" అని పెద్దలు అడుగుతుంటారు. కొత్త తరం పుట్టుకతోనే డిజిటల్ అన్న మాటను 2001లో మార్క్ ప్రెన్స్కీ ప్రచారంలోకి తెచ్చారు. తర్వాతి పరిశోధన దాన్ని సమర్థించలేదు. వీడియోలు వేగంగా మార్చగలిగిన పిల్లలే ఫైలు ఎక్కడ దాచుకున్నారో వెతుక్కోలేకపోవడం మనం రోజూ చూస్తున్నాం. బటన్లు ఎవరైనా కొద్దిరోజుల్లో నేర్చుకుంటారు. పిల్లలు ఏ పాఠంలో ఎక్కడ తడబడతారో తెలియడానికి మాత్రం ఏళ్ల అనుభవం కావాలి. ప్లికర్స్ ప్రశ్నకు మంచి తప్పు ఎంపికలు రాయగలిగేది ఆ అనుభవం ఉన్నవారే. మా కాంప్లెక్స్‌లో నేను దాచుకున్న మంచి ప్రశ్నల్లో ఎక్కువ భాగం సీనియర్లు ఇచ్చినవే.

అపోహ: పరికరాలు వస్తే ప్రమాణాలు వాటంతటవే పెరుగుతాయి

పెరూ దేశంలో ప్రభుత్వం పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 బడుల్లో జరిగిన అధ్యయనంలో గణితంలో గానీ భాషలో గానీ మెరుగుదల కనబడలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. అక్కడ నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో గట్టి మెరుగుదల కనబడింది. అక్కడి సాఫ్ట్‌వేర్ పిల్లవాడు చదివే తరగతిని కాకుండా, వాడు నిజంగా ఉన్న స్థాయిని గుర్తించి అక్కడినుంచి పాఠం మొదలుపెట్టింది. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. మన బడులకు ఫ్లాట్ ప్యానెళ్లు (పెద్ద డిజిటల్ తెరలు) వచ్చాయి, సంతోషం. వాటిమీద మళ్లీ పాఠ్యపుస్తకం పేజీలే చదివిస్తే వెనకబడిన పిల్లవాడు అక్కడే ఉండిపోతాడు.

అపోహ: పిల్లలు ఏఐతో రాస్తే పట్టేసే సాధనాలున్నాయి

నమ్మదగినవి లేవు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తాను విడుదల చేసిన గుర్తింపు సాధనాన్ని ఖచ్చితత్వం చాలడం లేదని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అలాంటి సాధనం మాట నమ్మి ఒక బిడ్డను దొంగ అనకండి. రాసినదాని మీద నోటితో రెండు ప్రశ్నలు అడిగితే నిజం తెలిసిపోతుంది. మనం ఏఐతో ప్రశ్నపత్రం తయారుచేసుకున్నా ప్రతి లెక్కనూ చేత్తో చేసి, ప్రమాణాలు (యూనిట్లు) సరిచూసి గానీ తరగతికి తీసుకెళ్లకూడదు.

అపోహ: బడి పనే కదా, పిల్లల వివరాలు ఎక్కడ పెట్టినా ఫరవాలేదు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణిస్తుంది. ఉచిత యాప్‌లో పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు నింపేముందు ఆగి ఆలోచించండి. ప్లికర్స్‌లో నేను పేర్లకు బదులు క్రమసంఖ్యలు మాత్రమే పెడతాను. ఎవరు ఎవరో నా హాజరుపట్టీలో ఉంది, అది చాలు. ఆన్‌లైన్ పరీక్ష మార్కుల జాబితాను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. దయచేసి మానండి. తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడికి ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. ఆ పిల్లవాడి అమ్మానాన్నలకు విడిగా ఫోన్ చేసి, ఏ ప్రశ్నలో ఎందుకు తడబడ్డాడో చెప్పండి.