క్వెటికో పర్మిట్ వచ్చింది కాబట్టి కెనడాలోకి కనూలో వెళ్ళిపోవచ్చా? అపోహలు - వాస్తవాలు

వేసవి దగ్గరపడేకొద్దీ నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. "అన్నా, క్వెటికో పర్మిట్ దొరికేసింది, ఇంక కెనడా వైపు వెళ్ళడానికి అడ్డేం లేదు కదా?" ఉంది. క్వెటికో అంటే మినెసోటా సరిహద్దుకు అవతల, కెనడాలోని ఒంటారియోలో ఉన్న సరస్సుల పార్కు. మినెసోటాలో ఈలీ చుట్టుపక్కల నుంచి కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) ట్రిప్పులు ప్లాన్ చేసి పంపడం నా పని, ఈ ఒక్క అపోహ వల్ల మనవాళ్ళు నష్టపోయినంతగా వానల వల్లో గాలుల వల్లో నష్టపోవడం నేను చూడలేదు. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: పార్కు పర్మిట్ అంటే సరిహద్దు పర్మిట్.

కాదు. క్వెటికో పర్మిట్ ఇచ్చేది ఒంటారియో పార్క్స్. ఫలానా తేదీన ఫలానా ఎంట్రీ పాయింట్ నుంచి లోపలికి వెళ్ళి క్యాంపు చేసుకోవచ్చని మాత్రమే దాని అర్థం. మిమ్మల్ని కెనడాలోకి రానివ్వాలా వద్దా అనేది సీబీఎస్ఏ, అంటే కెనడా బోర్డర్ సర్వీసెస్ ఏజెన్సీ తేల్చాలి. తిరిగి వచ్చేటప్పుడు మిమ్మల్ని అమెరికాలోకి తీసుకోవాల్సింది సీబీపీ, అంటే అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం. ముగ్గురూ వేరు, ఒకరి కాగితం ఇంకొకరి దగ్గర చెల్లదు. సరిహద్దుకు అమెరికా వైపున్న సరస్సుల అడవి బౌండరీ వాటర్స్, దాని పర్మిట్ సంగతి ఇంకా వేరు, అది యూఎస్ ఫారెస్ట్ సర్వీస్‌ది. అమెరికా వైపు మూస్ లేక్ నుంచి ప్రెయిరీ పోర్టేజీ (పోర్టేజీ అంటే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవ మోసుకెళ్ళే కాలిబాట) మీదుగా వెళ్ళేవాళ్ళకు దారిలో అదీ కావాలి.

మరి అడవి మధ్యలో చెక్‌పోస్టే లేదు కదా, ఎవరు చూస్తారు అంటారు. ప్రెయిరీ పోర్టేజీలో, సాగనాగా సరస్సు దాటాక కాష్ బేలో కనబడేది పార్కు రేంజర్లు, వాళ్ళు ఇమిగ్రేషన్ అధికారులు కాదన్నది నిజమే. కానీ సరిహద్దు క్లియరెన్స్ చూపించనిదే వాళ్ళు పార్కు పర్మిట్ చేతికివ్వరు. అక్కడి నుంచి వెనక్కి తెడ్డు వేసుకుంటూ రావడం ఎంత బాధో చూసినవాడిగా చెబుతున్నాను.

ఇన్నాళ్ళూ ఆ క్లియరెన్స్ కోసం ఆర్ఏబీసీ అని ఒక పర్మిట్ ఉండేది, రిమోట్ ఏరియా బోర్డర్ క్రాసింగ్ పర్మిట్. అది కూడా అమెరికా, కెనడా పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే. హెచ్-1 (అమెరికా ఉద్యోగ వీసా) మీదున్నవాళ్ళకు అది ఎప్పుడూ లేదు. 2024 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. 2026 సెప్టెంబరు 14 నుంచి అసలు ఆ పద్ధతే పోయి, ఎంట్రీ పోర్టులో గానీ గుర్తించిన రిపోర్టింగ్ చోట్ల నుంచి ఫోన్‌లో గానీ రిపోర్ట్ చేసే విధానం వస్తుందని సీబీఎస్ఏ ప్రకటించింది. కాబట్టి "మా బావగారు మూడేళ్ళ క్రితం ఇలాగే వెళ్ళొచ్చారు" అన్న మాట నమ్ముకుని బయల్దేరకండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లు చూసి కూడా వద్దు, అందులో తేదీ ఉండదు, ఎవరి స్టేటస్ గురించో ఉండదు. బయల్దేరే వారంలో సీబీఎస్ఏ వెబ్‌సైట్ మీరే చూసుకోండి.

మొన్నామధ్య ట్విన్ సిటీస్ (మినియాపొలిస్-సెయింట్ పాల్) నుంచి నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఇద్దరికి గ్రీన్ కార్డు, మిగిలినవాళ్ళు హెచ్-1, వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్-4. పర్మిట్ బుక్ చేసిందీ, సామాన్లు కొన్నదీ, పిల్లలకు లైఫ్ జాకెట్లు సరిచూసిందీ అంతా ఒక్కరే, పాపం నెలల తరబడి కష్టపడ్డారు. కెనడా వీసా సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆయన మా కౌంటర్ దగ్గర నిలబడి అందరికీ సారీ చెబుతూంటే నాకే గొంతు పట్టేసింది. ఆ రోజు అదృష్టం, మూస్ లేక్ ఎంట్రీలో ఎవరో క్యాన్సిల్ చేసుకున్నారు. తొమ్మిది మందికి మించి ఒక గ్రూపుగా వెళ్ళకూడదు కాబట్టి రెండు పర్మిట్లు తీసి, బాస్‌వుడ్ సరస్సులో అమెరికా వైపే వాళ్ళను పంపాం. ప్రతిసారీ అలా కుదరదు.

ఇక వీసా లెక్క. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు కెనడా విజిటర్ వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉండాలి, కార్డు ఒక్కటే సరిపోతుందనుకుని వచ్చేవాళ్ళు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. పాస్‌పోర్టులో హెచ్-1 వీసా స్టాంపు గడువు తీరిపోయినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) చెల్లుబాటులో ఉండి, కెనడాలో ముప్పై రోజులకు మించకుండా ఉంటే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నియమం కింద మామూలుగా వెనక్కి రావచ్చు. ఐ-94 ప్రింటు జిప్‌లాక్ కవరులో పెట్టుకోండి.

అసలు టెన్షన్ పడాల్సింది పెండింగ్‌లో ఏదైనా ఉన్నవాళ్ళు. చేంజ్ ఆఫ్ స్టేటస్ (ఒక వీసా హోదా నుంచి ఇంకో దానికి మారే దరఖాస్తు) పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ అప్లికేషన్ వదులుకున్నట్టే. 485 (గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి, హెచ్-1 వదిలేసి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నవాళ్ళు అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) లేకుండా బయటికెళితే కూడా అంతే. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాగితం నాలుగు రోజుల క్యాంపింగ్ కోసం పోగొట్టుకోకండి. మీ కేసు ఏదైనా కొంచెం తేడాగా ఉంటే లాయర్‌ను అడగండి, నన్ను కాదు.

వీసా ఉన్నవాళ్ళకు నేను చెప్పే దారి ఒకటే: ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి ఫోర్ట్ ఫ్రాన్సెస్‌కు రోడ్డు మీద దాటండి. అధికారి ఎదురుగా పాస్‌పోర్టు చూపించి, సుమారు 150 కిలోమీటర్లు అటికోకన్ ఊరి దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఇంకా తూర్పుకు పోయి, ఫ్రెంచ్ లేక్ దగ్గర డాసన్ ట్రైల్ ఎంట్రీ నుంచి క్వెటికోలోకి దిగండి. రావడం కూడా అదే దారిలో. డ్రైవింగ్ ఎక్కువే, కానీ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు.

అపోహ: సరస్సు మధ్యలో గీత దాటితే పట్టుకుంటారు.

ఇది భయస్తులను అనవసరంగా ఏడిపించే పుకారు. నైఫ్, బాస్‌వుడ్, క్రుక్డ్, లక్ లా క్రోయ్ లాంటి సరస్సుల్లో సరిహద్దు నీళ్ళలోనే పోతుంది, గాలికి పడవ అటు జరగడం మామూలే. కెనడా నీళ్ళలోకి వెళ్ళి ఒడ్డుకు దిగకుండా, లంగరు వేయకుండా, ఇంకో పడవను కలవకుండా తిరిగి వచ్చేస్తే రిపోర్ట్ చేయక్కర్లేదు. అధికారి ఎవరైనా ఆపి అడిగితే మాత్రం జవాబు చెప్పాలి. ఒడ్డున దిగి టీ పెట్టుకున్నారంటే లెక్క మారిపోతుంది.

పోర్టేజీల సంగతి కూడా అడుగుతారు. 1842 నాటి వెబ్‌స్టర్-ఆష్‌బర్టన్ ఒప్పందం సరిహద్దు వెంబడి ఉన్న మామూలు పోర్టేజీలను రెండు దేశాల వాళ్ళకూ తెరిచి ఉంచింది. అది ఆ రెండు దేశాల పౌరుల గురించి చెప్పిన మాట. వీసా మీదున్నవాళ్ళు దాని మీద ఆధారపడొద్దని నా అభిప్రాయం, అమెరికా వైపు పోర్టేజీలున్న రూట్ అడిగి తీసుకోండి.

మిగిలినవి గబగబా. మినెసోటా ఫిషింగ్ లైసెన్స్ ఒంటారియో వైపు చెల్లదు, క్వెటికోలో ముల్లు లేని గాలాలే వాడాలి, బతికున్న ఎర తీసుకెళ్ళకూడదు. బేర్ స్ప్రే పర్వాలేదు, మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రే కెనడాలో నిషిద్ధం. పాత డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) ఉంటే కెనడా వెనక్కి పంపేయవచ్చు, "ఎప్పుడో జరిగింది" అని దాచకుండా ముందే కనుక్కోండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళుతుంటే రెండోవారి సంతకంతో ఉత్తరం ఉంచుకోండి.

నీళ్ళ దారిన వెళ్ళేవాళ్ళు తిరుగు రిపోర్టింగ్ మరిచిపోతారు. కెనడాలో దిగి వచ్చాక సీబీపీకి చెప్పాలి, కారెక్కి ఇంటికి పోవడం కాదు. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి మీకు ఏ పద్ధతి వర్తిస్తుందో, ఎక్కడి నుంచి రిపోర్ట్ చేయాలో బయల్దేరే ముందే సీబీపీని కనుక్కుని మ్యాపు వెనక రాసి పెట్టుకోండి.