ఆస్పత్రి వదిలి ఫార్మా కంపెనీకి: మన వైపు డాక్టర్లలో ఉన్న అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. నెలకి ఇద్దరు ముగ్గురైనా ఈ ఊళ్ల నుంచి నాకు ఫోన్ చేస్తారు. అందరూ జూనియర్ డాక్టర్లే, ఇంట్లో తెలుగు, ఓపీలో ఒడియా మాట్లాడేవాళ్లే. “అక్కా, ఫార్మాలోకి రావాలంటే ఏం చెయ్యాలి?” అని మొదలవుతుంది. పది నిమిషాలు మాట్లాడేసరికి అసలు సంగతి బయటపడుతుంది. చదువు ఉంది, అనుభవం ఉంది, ఎవరో చెప్పిన మాటలు మాత్రం కాళ్లకి అడ్డం పడుతున్నాయి. నేను గజపతి జిల్లాలో ఆరేళ్లు సర్కారు ఆస్పత్రిలో చేసి, హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో డ్రగ్ సేఫ్టీ ఫిజీషియన్‌గా, అంటే మందు వల్ల హాని జరిగిందని వచ్చే రిపోర్టుల్ని పరిశీలించే డాక్టరుగా చేరి తొమ్మిదేళ్లయింది. నాకు తెలిసినంతవరకు ఆ మాటల సంగతి చెబుతాను.

అపోహ: “కంపెనీలో చేరితే ఇక పేషెంటుతో పనిలేదు, డాక్టరు చదువు వృథా.”

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. అందుకే ముందు దీని గురించి.

నేను సీహెచ్‌సీలో (సర్కారు సామాజిక ఆరోగ్య కేంద్రంలో) ఉన్నప్పుడు కొండమీద ఊరి నుంచి ఒక సవర పిల్లాడు వచ్చాడు. తొమ్మిదేళ్లుంటాయి. వైవాక్స్ మలేరియా. క్లోరోక్విన్, ప్రైమాక్విన్ మొదలుపెట్టిన మూడో రోజు తల్లి వాణ్ణి మళ్లీ ఎత్తుకొచ్చింది. ఆవిడ సవరలో చెప్పినదాన్ని ఆశా దీదీ ఒడియాలో నాకు చెప్పింది: “నేరేడుపళ్లు పిసికిన నీళ్లలా పోస్తున్నాడట.” కళ్లు పచ్చబడ్డాయి. గోళ్లు సున్నం రాసినట్టు పాలిపోయాయి. ప్రైమాక్విన్ ఆపేసి జిల్లా ఆస్పత్రికి పంపాం, రక్తం ఎక్కించారు. నాలుగు రోజులకి మూత్రం తేటపడింది. మూడు నెలలాగి చేయించిన పరీక్షలో జీ6పీడీ లోపం ఉందని తేలింది. అది ఎర్రకణాలని కాపాడే ఎంజైము, తక్కువైతే ప్రైమాక్విన్ వాటిని పగలగొడుతుంది. పాత ఎర్రకణాలు పగిలిపోయి కొత్తవి ఎక్కువగా ఉన్న సమయంలో ఆ పరీక్ష చేస్తే నార్మల్‌గా కనిపించవచ్చు. అందుకే అన్నాళ్లు ఆగాం.

కంపెనీలో చేరిన రెండో ఏట ఒక కేసు నా స్క్రీన్ మీదకి వచ్చింది. మగపిల్లాడు, ప్రైమాక్విన్, డార్క్ యూరిన్. అంతే, ఒక్క లైను. కేసుని సిస్టమ్‌లో ఎక్కించిన ఫార్మసీ పట్టభద్రుడు తన పని సక్రమంగానే చేశాడు. మూత్రం రంగు మారింది అని కోడ్ చేశాడు, సీరియస్ కాదు అని పెట్టాడు. నాకు మాత్రం ఆ లైను వెనక తెల్లబడ్డ గోళ్లు కనిపించాయి. రిపోర్టు పంపిన డాక్టరుకి ప్రశ్నలు రాశాం: హీమోగ్లోబిన్ ముందు ఎంత, తర్వాత ఎంత? బిలిరుబిన్ చూశారా? మందు ఏ తేదీన మొదలైంది, ఎప్పుడు ఆపారు? ఆపాక రంగు తగ్గిందా? మలేరియా ఏ రకం? ఫాల్సిపారం అయితే జబ్బు వల్లే మూత్రం నల్లగా రావచ్చు, అప్పుడు మందు మీద అనుమానం బలహీనపడుతుంది. జవాబులు వచ్చాక అది రక్తకణాలు పగిలిపోయిన కేసని, ఆస్పత్రిలో చేర్చారని తేలింది. కేసు సీరియస్‌గా మారింది.

ఇది పేషెంటుతో పని కాదని ఎలా అంటాం? చెయ్యి పట్టుకుని నాడి చూడం, నిజమే. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది. కానీ మందు వల్ల జరిగిందా, జబ్బు వల్లా అని మంచం పక్కన నిలబడి ఆలోచించే బుర్రే ఇక్కడా పనిచేస్తుంది.

ఇంకో సంగతి. మా విభాగంలో పేషెంటు చెప్పిన మాటని చెప్పినట్టే కేసులో ఉంచుతాం. దాన్ని మెడ్‌డ్రా అనే పదకోశంలోని పదానికి కోడ్ చేసినా అసలు మాట చెరిగిపోకూడదు. మా పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు కట్టారు. ఎవరి మాటని వాళ్ల నోటి నుంచే వినాలన్న పట్టింపు ఆయనది. కోడింగ్ చూసేటప్పుడు ఆయన నాకు తరచూ గుర్తొస్తారు. తెలుగు, ఒడియా, కాస్త సవర, కాస్త కువి మధ్య రోజూ నలిగే మన సరిహద్దు డాక్టర్లకి ఈ వినే విద్య బాగా అబ్బుతుంది. మారుమూల జిల్లా అనుభవాన్ని ఎవరూ లెక్కచెయ్యరని దిగులుపడేవాళ్లకి నా జవాబు ఇదే.

అపోహ: “ఎండీ ఫార్మకాలజీ ఉంటే తప్ప తీసుకోరు.”

సగం నిజం. మెడికల్ అడ్వైజర్, క్లినికల్ రీసెర్చ్ ఫిజీషియన్ పోస్టులకి ఎండీ ఉన్నవాళ్లకే మొగ్గు. కొత్త మందుల విభాగాల్లో అయితే ఆ జబ్బు చూసిన స్పెషలిస్టుని అడుగుతారు. డ్రగ్ సేఫ్టీలో, మెడికల్ రైటింగ్‌లో, మెడికల్ ఇన్ఫర్మేషన్‌లో మాత్రం ఎంబీబీఎస్‌తో, రెండు మూడేళ్ల వైద్య అనుభవంతో చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఎంబీబీఎస్‌తోనే చేరాను. పైకి వెళ్లేకొద్దీ ఎండీ లేని లోటు తెలుస్తుందని దాచకుండా చెప్పాలి.

అపోహ: “పైడిభీమవరం దగ్గరే కదా, అన్నీ మందుల ఫ్యాక్టరీలే. ఇంటికి దగ్గరగా చూసుకుంటాను.”

మన వైపు వాళ్లు తప్పకుండా అడిగేది ఇది. విశాఖ వెళ్లేటప్పుడు హైవే పక్కన పైడిభీమవరం చిమ్నీలు చూస్తాం, అనకాపల్లి జిల్లాలో పరవాడ ఫార్మా సిటీ గురించి వింటాం. కానీ అక్కడ జరిగేది మందు తయారీ. కావలసింది కెమిస్టులు, ఇంజినీర్లు, ఫార్మసిస్టులు. నేను చెబుతున్న ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, ముంబయి ఆఫీసుల్లో ఉంటాయి.

ఫ్యాక్టరీలో డాక్టరుకి ఒక చోటు ఉంది. అది ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరు పని. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద ప్రమాదకర పరిశ్రమల్లో కార్మికుల ఆరోగ్యం చూడటానికి ఏర్పడింది. దానికి ఏఎఫ్ఐహెచ్ అనే పారిశ్రామిక ఆరోగ్యం సర్టిఫికెట్ అడుగుతారు. ఊరికి దగ్గరగా ఉండాలన్నదే ముఖ్యమైతే అది గౌరవమైన దారి. అయితే అక్కడ చేరితే రేపు మెడికల్ అఫైర్స్‌లోకి, అంటే కంపెనీలో మందుల వైద్య సమాచారం చూసే విభాగంలోకి తీసుకుంటారని ఆశపెట్టుకోకండి. రెండూ వేరు వేరు దారులు.

అపోహ: “ఆన్‌లైన్‌లో ఫార్మకోవిజిలెన్స్ కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం.”

కాదు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అనే ప్రకటన చూసి అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు. ఫార్మకోవిజిలెన్స్ అంటే మందుల వల్ల కలిగే హానిని కనిపెట్టే పని, డ్రగ్ సేఫ్టీకి ఇంకో పేరు. కోర్సు వల్ల పదాలు తెలుస్తాయి, అంతవరకే. క్లినికల్ ట్రయల్స్ (మందుల్ని మనుషుల మీద పరీక్షించే అధ్యయనాలు) వైపు వెళ్లేవాళ్లకి గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో శిక్షణ కావాలి, అది తక్కువ ఖర్చుతో, కొన్నిచోట్ల ఉచితంగానే దొరుకుతుంది. 2025 జనవరిలో ఆ మార్గదర్శకాల మూడో సవరణ వచ్చింది. పాతది చదివి ఇంటర్వ్యూకి వెళ్లకండి.

నా మొదటి ఇంటర్వ్యూ పోయింది కూడా సర్టిఫికెట్ లేకపోవడం వల్ల కాదు. ఒక కేసు ఇచ్చి అరపేజీ కథనం రాయమన్నారు. ఆరేళ్ల ఓపీ అలవాటుతో పొట్టి అక్షరాల కేస్‌షీటు రాసిచ్చాను. తేదీలు కలవలేదు, మందు ముందా లక్షణం ముందా తెలియలేదు. ఎదురుగా కూర్చున్న ఆవిడ కాగితం నా వైపు తిప్పి, “డాక్టర్, దీన్ని చదివి మీ పేషెంటుకి ఏమైందో నాకు చెప్పండి” అంది. నేను రాసింది నాకే అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఆ సవర పిల్లాడి కేసుని పూర్తి వాక్యాలతో, తేదీల వరసలో పదకొండుసార్లు తిరగరాశాను. తర్వాతి ఇంటర్వ్యూలో గట్టెక్కించింది ఆ సాధనే.

కాబట్టి డబ్బు కట్టే ముందు మీ ఓపీలోనే మొదలుపెట్టండి. మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. మందు వికటించిందని అనుమానం వస్తే చాలు, ఫారం నింపి పంపవచ్చు. 1800-180-3024కి ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. నాలుగు ఉండాలి: పేషెంటు ఒకరు ఉన్నారని తెలియాలి, చెప్పేవాళ్లు ఎవరో తెలియాలి, అనుమానమున్న మందు, జరిగిన హాని. రుజువు అక్కర్లేదు. సీహెచ్‌సీలో ఉన్న ఆరేళ్లలో నేను పంపినవి రెండే రెండు. ఆ పిల్లాడి కేసు వాటిలో లేదు. రక్తం దొరికింది, పిల్లాడు బతికాడు, ఇంక ఫారం ఎందుకులే అనుకున్నాను. అది తప్పు. ఇవాళ అలాంటి ఒక్క రిపోర్టు కోసం మేం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తాం. మీరు నెలకి ఒకటి సరిగ్గా రాసి పంపండి. పేషెంట్లకి మేలు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీ చేతి పని ఉంటుంది.

అపోహ: “నైట్ డ్యూటీ లేదు, టెన్షన్ లేదు.”

నైట్ డ్యూటీ లేదు. గడియారం మాత్రం ఉంది. సీరియస్ కేసుని నియంత్రణ సంస్థకి పంపడానికి 15 రోజులు. అవి క్యాలెండర్ రోజులు, దసరా సెలవులు కూడా అందులోనే. కంపెనీలో ఎవరి చెవిన పడినా ఆ రోజే లెక్క మొదలు. మెడికల్ రెప్‌కి ఎవరో డాక్టరు టీ తాగుతూ చెప్పినా సరే. ట్రయల్స్‌లో ఇంకా బిగువు. ఊహించని రియాక్షన్‌తో ప్రాణం పోయినా, ప్రాణం మీదకి వచ్చినా అంతర్జాతీయ నియమాల్లో 7 రోజులే గడువు. 2019 నాటి మన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం సీరియస్ సంఘటన జరిగితే ట్రయల్ చేస్తున్న డాక్టరు 24 గంటల్లో తెలియజేయాలి.

జీతం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సొంత ప్రాక్టీసు బాగా నడుస్తున్నవాళ్లకి మొదటి రెండేళ్లు ఆదాయం తగ్గవచ్చు. పర్లాకిమిడిలో సొంతిల్లు వదిలి హైదరాబాద్‌లో అద్దె కట్టాలి. ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని రండి.

అపోహ: “కంపెనీ మనిషివి అయ్యాక కంపెనీ మాటే పలకాలి. బ్యాగు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరగాలి.”

అమ్మకం మెడికల్ రెప్‌ల పని. మెడికల్ అఫైర్స్ డాక్టరుకి అమ్మకాల టార్గెట్ ఉండకూడదు. ఉద్యోగం ఇచ్చేటప్పుడు టార్గెట్ మాట ఎత్తితే అది పేరు మార్చిన సేల్స్ ఉద్యోగమని గ్రహించండి. ప్రచార కాగితాలు బయటికి వెళ్లేముందు సరిచూడటం మన పని. 2024 మార్చిలో వచ్చిన మార్కెటింగ్ నియమావళి ప్రకారం ‘సురక్షితం’ అన్న మాటని వివరణ లేకుండా వాడకూడదు. ఏ మందుకీ దుష్ప్రభావాలే లేవని రాయకూడదు. అలాంటి వాక్యాలని ఎర్ర సిరాతో కొట్టేసిన రోజులు నాకున్నాయి, మార్కెటింగ్ వాళ్లు మొహం మాడ్చుకున్న రోజులూ ఉన్నాయి. డ్రగ్ సేఫ్టీలో ఇంకా గట్టి నియమం ఒకటుంది. రిపోర్టు చేసిన డాక్టరు మందు వల్లే అని అంటే, కంపెనీ డాక్టరు ఆ అభిప్రాయాన్ని తగ్గించి రాయడానికి లేదు. ఒప్పుకోకపోతే తన అభిప్రాయం పక్కన రాసుకోవాలి, రెండూ వెళ్తాయి. ఒత్తిడి రాదని నేను చెప్పను. నిలబడటానికి కాలికింద నేల ఉందని చెప్పగలను.

అపోహ: “ఒకసారి వెళ్తే మళ్లీ ప్రాక్టీసుకి రాలేం.”

రావచ్చు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉంటే. దాన్ని గడువు దాటనివ్వకండి. సర్కారు సర్వీసులో ఉన్నవాళ్లు బాండు షరతులు చదివి, రాజీనామా ఆమోదమై రిలీవింగ్ ఆర్డరు చేతికొచ్చాకే కదలండి. చెప్పకుండా మానేసి వెళ్లినవాళ్లకి కంపెనీ అడిగే అనుభవ పత్రం దగ్గరే చిక్కు వస్తుంది.

చేతి పనితనం తగ్గే మాట నిజం. నేను ఏటా సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మహేంద్రతనయ ఒడ్డునున్న స్నేహితురాలి క్లినిక్‌లో వారం రోజులు కూర్చుంటాను. మొదటి రోజు పిల్లలకి సెలైన్ సూది ఎక్కించడానికి నర్సు సాయం కావాలి. మూడో రోజుకి చెయ్యి తిరుగుతుంది. ప్రైమాక్విన్ రాసే ముందు మాత్రం మొదటి రోజు నుంచే తల్లిని అడుగుతాను: “ఇదివరకు ఏ మందు వేసుకున్నప్పుడైనా పిల్లాడికి మూత్రం నేరేడుపండు రంగులో వచ్చిందా?”