ప్రోగ్రామ్ నడవకముందే ఏం తెలుస్తుంది?

యూనివర్సిటీలో ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతం కోర్సు తీసుకున్నవాళ్లు మొదటి వారమే అయోమయంలో పడుతుంటారు. పైథాన్ తర్వాత ఇంకో భాష నేర్పుతారనుకుంటే, బోర్డు నిండా గ్రీకు అక్షరాలు, అడ్డగీతలు. అసలు ఇక్కడ నేర్పేది ఏ ఒక్క భాషనీ కాదు. ప్రోగ్రామ్‌ను నడపకుండా, చదివి మాత్రమే, దాని గురించి ఏం తేల్చగలమన్నదే విషయం.

'రెండుసార్లు' అనే ఫంక్షన్ రాద్దాం. దానికి 'మార్పు' అనే ఇంకో ఫంక్షన్‌నీ, ఒక 'విలువ'నీ ఇస్తాం. అది చేసే పని ఇంతే: మార్పు(మార్పు(విలువ)). ఎక్కడా టైపులు, అంటే ఏది సంఖ్య, ఏది పేరు అని చెప్పే రకాలు, రాయలేదు. విలువ టైపు 'క' అనుకుందాం. లోపలి మార్పు దాన్నే తీసుకుంటోంది కాబట్టి మార్పులోకి వెళ్లేది 'క'. బయటికి వచ్చేది ఏదో ఇంకా తెలీదు, 'చ' అందాం. ఇప్పుడు బయటి మార్పు వైపు చూడండి. దాని చేతికి అందేది 'చ'. కానీ మార్పు తీసుకునేది 'క' అని ఇందాకే అనుకున్నాం కదా! అంటే క, చ ఒకటే అయి తీరాలి. మార్పు ఏ టైపు తీసుకుంటే ఆ టైపే తిరిగివ్వాలి. సంఖ్య తీసుకుని పేరు ఇచ్చే ఫంక్షన్‌ను అక్కడ పెడితే కంపైలర్ (ప్రోగ్రామ్‌ను నడవడానికి సిద్ధం చేసే సాధనం) ముందే ఆపేస్తుంది.

నోట్‌బుక్‌లో ఈ లెక్క మొదటిసారి తేలినప్పుడు కలిగే ఆనందం వేరు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాబిన్ మిల్నర్ 1978లో ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం వివరించిన పద్ధతి ఇదే. తర్కవేత్త హిండ్లీ అంతకుముందే, 1969లో, వేరే దారిలో ఇక్కడికే చేరుకున్నాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషకు కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 'ఇక్కడ ఏమీ లేదు' అని సూచించే 'నల్' రిఫరెన్స్‌ను చేర్చాడు. అమలు చేయడం తేలిక కాబట్టి చేర్చేశాడు. 2009లో ఆయనే దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నాడు. భాషలో ఒక్క నిర్ణయం తప్పితే, ఆ భాషలో రాసే ప్రతివాళ్లూ దాన్ని మోయాల్సిందే.

అలాగని అన్నీ ముందే పట్టేసుకోలేం. ఏ ప్రోగ్రామ్ ఆగుతుందో, ఏది ఆగదో చెప్పే సార్వత్రిక పద్ధతి ఉండదని 1936లోనే గణితవేత్త ట్యూరింగ్ నిరూపించాడు. కాబట్టి తప్పుల్ని కచ్చితంగా ఆపాలనుకునే టైపు చెకర్ (టైపులు కుదిరాయో లేదో ముందే చూసే భాగం) కొన్ని మంచి ప్రోగ్రాములను కూడా కాదంటుంది. ఎంతవరకు కాదనాలి? నా దృష్టిలో భాషను డిజైన్ చేయడంలో అతి కష్టమైన నిర్ణయం ఇదే.

ఇవన్నీ ఒంటబట్టేది మాత్రం, ప్రోగ్రామ్‌ను చదివి నడిపే సాధనం, అంటే సొంతంగా ఇంటర్‌ప్రెటర్ రాసినప్పుడే. ప్రోగ్రామ్ పైభాగంలో ఎక్స్ విలువ 1. దాన్ని ప్రింట్ చేసే చిన్న ఫంక్షన్ ఒకటి. ఆ ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్ లోపలి నుంచి పిలుస్తాం, ఆ పిలిచే ఫంక్షన్‌కు సొంత ఎక్స్ ఉంది, విలువ 2. ఏది ప్రింట్ కావాలి? 1 అంటాం, ఎందుకంటే ఫంక్షన్ రాసిన చోట కనిపించే ఎక్స్ అదే. కానీ తొందరలో రాసిన ఇంటర్‌ప్రెటర్ 2 చూపిస్తుంది. ఫంక్షన్ ఎక్కడ పుట్టిందో గుర్తుపెట్టుకోకుండా, పిలిచిన చోట వెతికితే జరిగేది అదే. తొలినాళ్ల లిస్ప్ భాష కూడా సరిగ్గా ఇలాగే చేసేది. లిస్ప్ కుటుంబంలో దాన్ని సరిదిద్ది చూపించింది 1975లో వచ్చిన స్కీమ్ భాష. పాఠం విని తలూపిన విద్యార్థి కూడా, తన స్క్రీన్ మీద ఆ 2 కనిపించాక, ఫంక్షన్‌తో పాటు దాని పరిసరాలను, అంటే అది పుట్టిన చోట పేర్లకున్న విలువలను, ఎందుకు దాచాలో మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తాడు.